మరకలక్క లివరు, తిరగని ఫ్యాను

వీధిలో ఆవిడను మరకలక్క అంటారు. సొంత పేరు ఒకటి ఉంది గానీ అది కాగితాల్లో భద్రంగా పడుకుంది. బట్టలుతికి ఇచ్చే షాపులో ఇరవై రెండేళ్లుగా మరకలు తీసే పని ఆవిడది. అందుకే షాపు ఓనరమ్మకూ అక్కే, కస్టమర్లకూ అక్కే. ఆవిడకంటే పన్నెండేళ్లు పెద్దవాడైన ఇస్త్రీ బాబాయి ఒక్కడే "అమ్మాయ్" అని పిలుస్తాడు. కోపం ముక్కు మీదే ఉంటుందని పేరు. ఆ పేరు అబద్ధమేమీ కాదు. కానీ ఆ కోపం ఊరికే పుట్టుకొచ్చింది కాదు, దానికీ ఇరవై రెండేళ్ల సర్వీసు ఉంది.

"కాఫీ ఎప్పుడు ఒలికింది?" అని అడుగుతుంది చొక్కా చేతిలోకి తీసుకుని.

"నిన్ననే అక్కా."

"నిన్నటి కాఫీ ఇలా ఉండదు. పదిహేను రోజులైంది. ఈలోపు ఇంట్లో సబ్బేసి రుద్దారు, వేడినీళ్లలో ముంచారు, అదీ చాలక ఇంకేదో పోశారు. చేయాల్సిన పాపాలన్నీ చేసి చివరికి తెచ్చి నా మొహాన కొట్టారు. అవునా, కాదా?"

అవునని తల దించుకుంటారు. ఆవిడ తిడుతూనే తీసుకుంటుంది. సాయంత్రానికి ఆ చొక్కా మీద కాఫీ ఎక్కడ ఒలికిందో ఒలకబోసినవాడికే గుర్తుపట్టడం కష్టం.

ఆ పనికి ఆవిడ పెట్టుకున్న పద్ధతి ఒకటుంది. ముందు మామూలు నీళ్లు. అది కూడా బట్టను తిరగేసి, వెనకనుంచి. అంచునుంచి మధ్యకు రావాలి తప్ప మధ్యనుంచి అంచుకు పోకూడదు. రుద్దకూడదు, అద్దాలి. ఒకదానికి లొంగలేదని రెండు రకాలు కలిపి పోయకూడదు, గుడ్డ చిరుగుతుంది. దేనికీ లొంగని నూనె మరకలకు చిట్టచివర వాడే ద్రవం ఒకటుంది. మూత తీస్తే కళ్లలోంచి నీళ్లు కారతాయి. షాపులో అందరూ దాన్ని 'ఘాటు' అంటారు. బాగా పాతబడిన మరకైతే ఘాటును రెట్టింపు పోసి, నాననిచ్చి, తర్వాత తీయాలి. ఈ చివరి మాట గుర్తుపెట్టుకోండి, ఆవిడ కొంప ముంచింది ఇదే.

ఇక ఆ గది. ముందు కౌంటరు, దాని వెనక ఇస్త్రీ బల్లలు, వాటి వెనక మరకల గది. కిటికీ లేదు. తలుపు తీసి పెడదామంటే ఇస్త్రీ ఆవిరి, వీధి దుమ్ము వచ్చి తెల్లబట్టల మీద వాలతాయి, కాబట్టి తలుపు మూసే ఉండాలి. గాలి బయటికి పోయే దారి ఒకటే, పైన గోడలో బిగించిన ఎగ్జాస్ట్ ఫ్యాను. అది రెండేళ్ల కిందట మొరాయించింది. స్విచ్చేస్తే గుయ్యిమనేది, తిరిగేది కాదు. మొదట్లో మరకలక్క స్టూలెక్కి కర్రతో రెక్కను ఒక తోపు తోస్తే బద్ధకంగా కదిలేది. కొన్నాళ్లకు అదీ మానేసింది. ఆ సందులోంచి పావురాల ఈకలు పడుతున్నాయని ఎవరో అట్టముక్క పెట్టి మూసేశారు. అలా గది డబ్బాలా తయారైంది, అందులో ఘాటు, ఘాటుతో పాటు మరకలక్క.

అడగలేదా అంటే, అడిగింది. మొదటి నెల నవ్వుతూ అడిగింది. తర్వాత మామూలుగా, ఆ తర్వాత కసురుతూ అడిగింది. వాళ్ల నాన్నగారి తర్వాత షాపు చేతికొచ్చిన ఓనరమ్మ ప్రతిసారీ ఒకటే మాట అనేది.

"చేయిద్దాం అక్కా. మొత్తం మిషను మార్చాలట, గోడ పగలగొట్టాలట. వర్షాలు పోనీ."

వర్షాలు పోయాయి, మళ్లీ వచ్చాయి, మళ్లీ పోయాయి. గోడకు చెప్పుకున్నా ఈపాటికి పెచ్చులూడేది.

ఈలోగా ఓనరమ్మకు ఆరోగ్యం మీద పిచ్చి పట్టింది. ఎక్కడో పది రోజుల శిక్షణకు వెళ్లొచ్చి, మనుషులందరి లివరూ మురికిపట్టి ఉందని, దాన్ని సహజంగా కడిగేయాలని మొదలుపెట్టింది. దానికి డిటాక్సు అని పేరు. ఆకుపచ్చ పొడి డబ్బాలు తెప్పించి కౌంటరు మీద గోపురంలా పేర్చింది. పక్కనే బోర్డు: "మా పనివాళ్ల ఆరోగ్యం మా బాధ్యత." ప్రతి ఉదయం తొమ్మిదింటికి పనివాళ్లను వరసలో నిలబెట్టి, ఆ పొడి కలిపిన రసం తలా ఒక గ్లాసు ఇచ్చి, తాగుతుంటే ఫోన్లో ఫోటోలు తీసేది. రసం చేదుగా, పాచివాసన వేస్తూ ఉండేది.

"మేడమ్, దీనికి బదులు ఆ ఫ్యాను చేయించకూడదూ?" అంది మరకలక్క మొదటిరోజే, గ్లాసు పట్టుకుని.

"అదీ చేయిద్దాం అక్కా. ముందు లోపలి మురికి పోవాలి కదా. ఇరవై ఒక్క రోజులు తాగి చూడు, లివరు కొత్తదానిలా అవుతుంది. కొంచెం నవ్వు, ఫోటో."

మరకలక్క నవ్వలేదు. ఆ ఫోటోలో ఆవిడ గ్లాసును చంపేసేలా చూస్తూ ఉంటుంది. రెండురోజులు తాగి, మూడోరోజునుంచి రసాన్ని ఇస్త్రీ బాబాయి ఆవిరి తొట్టిలో పోసేది. ఆయన ఇస్త్రీ చేసిన బట్టలు పచ్చివాసన వేస్తున్నాయని కస్టమర్లు గొడవ పెట్టారు.

అక్కడితో ఆగిపోయి ఉంటే బాగుండేది. ఆగలేదు. ఆ ఏడాది ఎండలు ముదిరేసరికి ఆవిడకు ఒంట్లో సత్తువ జారిపోవడం మొదలైంది. మధ్యాహ్నానికి కాళ్లు పీకేవి. అన్నం చూస్తే వెగటు. అరచేతులు దురదపెట్టేవి, అవి ఘాటు వల్లేలే అనుకుంది. స్కూలు బస్సు నడిపే భర్త నాలుగుసార్లు ఆసుపత్రికి పోదామన్నాడు.

"బస్సు చూసుకోండి మీరు. నా బండి నేను చూసుకుంటా," అంది.

కానీ లోపల భయం పట్టుకుంది. భయపడ్డ మనిషికి కళ్లెదురుగా పేర్చి ఉన్న డబ్బాలు కనపడతాయి. ఒక డబ్బా ఇంటికి తీసుకుపోయింది. చెంచా పొడి చాలని దాని మీద ఉంది. ఇరవై రెండేళ్ల లోపలి మురికి ఒక చెంచాకు పోతుందా? పాత మరక కదా! మూడు చెంచాలు వేసింది. పొద్దున పరగడుపున ఒక గ్లాసు, రాత్రి పడుకోబోయే ముందు ఒక గ్లాసు. తాగిన తర్వాత మధ్యాహ్నం దాకా ఏమీ తినేది కాదు, పొడి లోపల బాగా నానాలని. ముందు మామూలు నీళ్లు అని ప్రపంచానికంతా నూరిపోసిన మనిషి, గుడ్డ చిరుగుతుందని ఎదుటివాళ్లను నిలబెట్టి కడిగేసే మనిషి, తన ఒంటి దగ్గరికొచ్చేసరికి తిన్నగా ఘాటు దగ్గరికి పోయింది. తలుచుకుంటే ఆవిడకు ఇప్పటికీ తన చెంప తానే వాయించుకోవాలనిపిస్తుంది.

పొడి మొదలుపెట్టిన ఐదోవారంలో ఒక ఉదయం, మరకలక్క కౌంటరు దగ్గర తెల్లటి దుప్పటి వెలుతురుకు పట్టుకుని చూస్తుంటే ఇస్త్రీ బాబాయి దగ్గరికి వచ్చి ఆవిడ ముఖంలోకి తేరిపార చూశాడు.

"అమ్మాయ్, నీ కళ్లేంటి అలా ఉన్నాయి?"

గోడకున్న అద్దంలో చూసుకుంది. పసుపురంగుల్లో ఆవిడకు తెలియనిది లేదు. టీ మరక పసుపు, తుప్పు పసుపు, చెమట పట్టి పాతబడిన కాలరు పసుపు, దేన్నైనా ఆమడదూరంనుంచి చెబుతుంది. ఇది వాటిలో ఏదీ కాదు. దుప్పటి అంచును చెంప దగ్గర పెట్టుకుని మళ్లీ చూసింది. దుప్పటి తెల్లగానే ఉంది.

ఆసుపత్రిలో అన్ని పరీక్షలూ అయ్యాక డాక్టరమ్మ ముందు కూర్చోబెట్టారు. చిన్న వయసామె, కళ్లకింద నిద్రలేని చారలు. రిపోర్టు మీదనుంచి తల ఎత్తకుండానే, "తాగుతారా?" అంది.

ఆ మాట అడగడం అది మూడోసారి. చీటీ రాసినామె అడిగింది, స్కానింగు చేసినతను అడిగాడు. మరకలక్కకు అరికాలి మంట నెత్తికెక్కింది.

"తాగుతానమ్మా. పొద్దున పరగడుపున ఒక గ్లాసు, రాత్రి ఒక గ్లాసు. పచ్చగా ఉంటుంది. మా ఓనరమ్మ నేర్పింది."

పక్కన భర్త మొహం రెండు చేతుల్లో దాచుకున్నాడు. డాక్టరమ్మ నవ్వలేదు. తల ఎత్తి, "డబ్బా తెచ్చారా?" అంది. సంచీలోంచి తీసి ఇచ్చింది. అటూ ఇటూ తిప్పి చూసింది. ఒక ఆకు బొమ్మ, నూరుశాతం సహజం అన్న మాట. ఏ ఆకులు, ఎంతెంత అన్నది ఎక్కడా లేదు.

"రోజుకు ఎంత వేసుకున్నారు?"

"చెంచా వేసుకోమన్నారు. నేను పూటకు మూడు వేశాను."

"ఎందుకు?"

"పాత మరక కదా అని."

డాక్టరమ్మ కలం పక్కన పెట్టింది. "మీరేం పని చేస్తారు?" అంది. అప్పటిదాకా ఆ ప్రశ్న అడిగినవాళ్లు లేరు. మరకలక్క చెప్పింది. గది గురించి చెప్పింది, ఘాటు గురించి చెప్పింది, అట్టముక్క గురించి చెప్పింది. చెబుతూ ఉంటే గొంతు లేచింది, బయట వరండాలో కూర్చున్నవాళ్లు తొంగిచూశారు.

"చూడండమ్మా," అంది డాక్టరమ్మ అంతా విని. "ఈ పొడి చేసిందా, ఆ ఆవిరి చేసిందా, రెండూ కలిసి చేశాయా అన్నది నేను తేల్చి చెప్పలేను. రెండూ మానాల్సిందే. ఒకటి మాత్రం చెబుతాను. లివరుకు మనం స్నానం చేయించక్కర్లేదు. తిన్నది, తాగింది, పీల్చింది, చాలావరకు చివరికి దాని దగ్గరికే పోతుంది. పనికొచ్చేది ఉంచి, పనికిరానిదాన్ని బయటికి పంపడం దాని పని, పగలూ రాత్రీ అదే. దాన్ని కడగాలని మీరు ఇంకోటి పోస్తే, ఆ పోసినదాన్ని కూడా అదే కడుక్కోవాలి."

"అయితే అది నాలాంటిదే," అంది మరకలక్క.

"అంటే?"

"వెనక గదిలో కూర్చుని అందరి మురికీ తీసేది. దానికి గాలి ఇవ్వరు. అలిసి పడిపోతే, ఇంకో మూట తెచ్చి దాని మీదే వేస్తారు."

డాక్టరమ్మ ఈసారి కొంచెం నవ్వింది. కాగితం మీద రాసిచ్చింది: ఆరువారాలు పని బంద్. పొడులు, కషాయాలు, అడక్కుండా మింగే నొప్పిమాత్రలు బంద్. వేళకు తిండి, కంచంలో సగం కూరగాయలు, దాహమైతే నీళ్లు, రోజూ కాసేపు నడక, కంటినిండా నిద్ర. వారం వారం రక్తపరీక్ష.

"ఇంతేనా?" అంది మరకలక్క.

"ఇంతే. సహజంగా అంటే ఇదే. కానీ తగ్గాక మళ్లీ ఆ గదిలో అలాగే కూర్చుంటే నేను రాసిందంతా దండగ. ఇంకోసారి తట్టుకుంటుందని మాట ఇవ్వలేను."

ఆ చివరి మాట ఆవిడ చెవిలో ఆరువారాలూ జోరీగలా తిరిగింది. చేతిలో ఉన్నది ఒకటే విద్య. ఆ విద్య ఉన్నది ఆ గదిలో. గదికి పోతే లివరు పోతుంది, పోకపోతే ఇరవై రెండేళ్ల పని పోతుంది. ఈ రెండింటి మధ్యా గోడలో ఒక ఫ్యాను.

ఇంట్లో కూర్చోవడం ఆవిడకు చేతగాలేదు. భర్త వండింది వంకపెట్టకుండా తినలేదు, వంకపెట్టి మానేయనూ లేదు. కూతురు గడియారం చూసి అన్నానికి పిలిచేది, గడియారం చూసి లైటు ఆర్పేది. "నన్ను స్కూలు పిల్లని చేశారు తల్లీ తండ్రీ కలిసి," అని కూతురినే తల్లిని చేసి తిట్టేది. పొద్దున్నే వీధి చివరిదాకా నడిచి వచ్చేది, దారిలో ఎదురైనవాళ్ల బట్టల మీద మరకలు లెక్కపెడుతూ. రెండోవారానికి దురద పోయింది. నాలుగోవారానికి ఆకలి తిరిగొచ్చింది, దానితో పాటు గొంతూ వచ్చింది. ఆరోవారం రిపోర్టులో అంకెలు దాదాపు దారికొచ్చాయి. కళ్లు తెల్లబడ్డాయి. ఏ పొడీ తెల్లబరచలేదు, ఏ రసమూ కడగలేదు. పైన మురికి పోయడం మానేస్తే దాని పని అది చేసుకుంది. అంత చిన్న సంగతి తెలియడానికి పచ్చకామెర్లు రావాల్సి వచ్చిందే అని ఆవిడకు ఒళ్లు మండింది.

తిరిగి షాపుకు వెళ్లినరోజు కౌంటరు దగ్గర పూలగుత్తులు, కొత్త కుర్చీలు. సాయంత్రం నాలుగింటికి ఓనరమ్మ తన డిటాక్సు డబ్బాల గురించి జనాన్ని పిలిచి ఉపన్యాసం ఇస్తుందట. మరకలక్కను చూడగానే ఎదురొచ్చి రెండు చేతులూ పట్టుకుంది.

"అక్కా! సమయానికి వచ్చావు. ఇరవై రెండేళ్లు ఘాటు మధ్య పనిచేసిన మనిషి, మన రసం తాగి లేచి కూర్చుంది. నువ్వు నాలుగు మాటలు చెబితే చాలు."

మరకలక్క చేతులు విడిపించుకుంది. ఈలోపు ఓనరమ్మే సంచీలోంచి ఒక మూట తీసింది. తెల్లటి పట్టు చీర. కుచ్చిళ్ల దగ్గర జానెడంత ఆకుపచ్చ మరక. పొద్దున రసం కలుపుతూ ఒలకబోసుకుందట. కంగారులో సబ్బు పెట్టి రుద్దిందట కూడా.

"మా అమ్మది అక్కా. సాయంత్రం ఇదే కట్టుకోవాలి. నువ్వు తప్ప ఇంకెవరూ తీయలేరు."

"తీస్తాను," అంది మరకలక్క నెమ్మదిగా. ఇస్త్రీ బాబాయి పెట్టె పక్కన పెట్టేశాడు, ఆవిడ నెమ్మదిగా మాట్లాడటం ఆయన ఎన్నడూ వినలేదు. "తీస్తాను మేడమ్. కానీ దీనికి స్పిరిటు కావాలి. అదీ ఘాటులాంటిదే, దానికి గాలి కావాలి. ఫ్యాను తిరిగితే లోపలికి పోతాను. తిరక్కపోతే గుమ్మం దాటను. లేదంటే ఆ రసంతోనే ఉతికి చూడండి. ఇరవై రెండేళ్ల మురికి పోగొట్టేది, ఈ పూట పడ్డ మరక పోగొట్టదా?"

"ఇప్పటికిప్పుడు ఫ్యాను అంటే ఎలా అక్కా? గోడ పగలగొట్టాలి..."

"మీ ఇష్టం." మరకలక్క కొత్త కుర్చీల్లో ఒకదాని మీద కూర్చుంది.

ఓనరమ్మ గడియారం చూసింది, చీర చూసింది, ఫోను తీసింది. పావుగంటలో మెకానిక్కు వచ్చాడు. స్టూలెక్కి అట్టముక్క పీకి, స్విచ్చు వేసి చెవిపెట్టి విన్నాడు. ఒక మూత విప్పి వేలెడంత ముక్క ఒకటి తీసి, తన సంచీలోంచి అలాంటిదే ఇంకోటి పెట్టి, రెక్కలకు కాస్త నూనె పోశాడు. స్విచ్చు వేశాడు. రెండేళ్ల బూజు ఒక్కసారిగా ఎగిరింది, ఫ్యాను తిరిగింది. మొత్తం ఇరవై నిమిషాలు కూడా పట్టలేదు.

"ఏమైంది దీనికి?" అంది మరకలక్క.

"ఏం లేదక్కా, కండెన్సరు పోయింది. చిన్నదే." పాత ముక్కను ఆవిడ చేతిలో పెట్టి దిగిపోయాడు.

"గోడ పగలగొట్టాలన్నారే?"

"గోడెందుకు?" అన్నాడు మెకానిక్కు అర్థంకాక. "ఇదివరకు నన్ను ఎవరూ పిలవలేదే ఇక్కడికి."

మరకలక్క ఆ ముక్కను అరచేతిలో పెట్టుకుని చూసింది. బొటనవేలంత ఉంది. దీనికోసమా రెండేళ్లు? దీనికోసమా ఆ దురద, ఆ వెగటు, ఆ పచ్చటి కళ్లు, రాత్రిళ్లు లేచి తన ఊపిరి విని మళ్లీ పడుకున్న భర్త? కోపం ఓనరమ్మ మీద వచ్చింది. తర్వాత తన మీద వచ్చింది. రెండేళ్లు అడుగుతూ పనిచేసింది. పనిచేస్తూ అడిగినన్నాళ్లూ ఎవరికీ వినపడలేదు. ఒక్కపూట కుర్చీలో కూర్చుంటే వినపడింది. ఆ కుర్చీలో మొదటి నెలలోనే కూర్చుని ఉండాల్సింది.

లోపలికి వెళ్లి చీర పరిచింది. తిరగేసి, వెనకనుంచి, ముందు మామూలు నీళ్లు. తర్వాత స్పిరిటు, అంచునుంచి మధ్యకు, రుద్దకుండా. గాలి ముఖం పక్కనుంచి పైకి పోతున్న చప్పుడు వినపడుతోంది. మూడున్నరకు చీర మచ్చ లేకుండా బయటికి వచ్చింది. పాడుచేద్దామని ఒక్క క్షణం అనిపించకపోలేదు. చేతులు ఒప్పుకోలేదు. వాటి మీద కూడా కోపం వచ్చింది.

ఓనరమ్మ చీర చూసి మురిసిపోయి ఫోను ఎత్తింది. "అక్కా, అలాగే నిలబడు. ఒక్క ఫోటో. కొంచెం నవ్వు."

మరకలక్క కౌంటరు దగ్గరికి నడిచి, డబ్బాల గోపురం మీద ఆ కండెన్సరు ముక్కను పెట్టింది. సరిగ్గా బోర్డు పక్కన, అందరికీ కనపడేలా.

"నా లివరు సంగతి చెప్పాలంటే దీన్ని తియ్యండి ఫోటో," అంది. "నాలుగింటికి నేను కూడా ఇక్కడే ఉంటాను. అడిగినవాళ్లకు నేనే చెబుతాను."

ఓనరమ్మ ఫోను దించింది. కస్టమర్లు ఒక్కొక్కరే లోపలికి వస్తున్నారు. మరకలక్క ముందువరసలో కుర్చీ లాక్కుని కూర్చుంది. ఇస్త్రీ బాబాయి పెట్టె ఆపి, వచ్చి ఆవిడ పక్కన కూర్చున్నాడు.